రెండో డబ్బా

వంటగది. పొద్దున్న ఆరున్నర. భార్య చేతిలో నోటుపుస్తకం. గుమ్మం దగ్గర భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఆ బూట్లు తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పి కదులు."

"దేనికి?"

"దీనికే. తిన్నదల్లా రాయమని ఆసుపత్రిలో నర్సమ్మ ఇచ్చిన పుస్తకానికి. మూణ్ణెల్లు రాశావు. తొంభై కేజీల దగ్గర మొదలుపెట్టి తొంభై ఆరుకొచ్చావు. అందరికీ తిండి ఒంటబడుతుంది. నీకు తిండి రాసిన కాగితాలు కూడా ఒంటబట్టాయి."

"పొద్దున్నే మొదలెట్టకే. ఎనిమిదింటికి కాటా ఎక్కాలి."

"అందుకే ఇప్పుడు మొదలెట్టా. ఇవాళ్టినుంచి మేస్త్రి ఒక్కొక్కణ్ణీ విడిగా తూస్తాడు, తొంభై దాటినవాణ్ణి ఉయ్యాల ఎక్కనివ్వడు. నువ్వే చెప్పావు రాత్రి. చెప్పావా లేదా?"

"చెప్పాను."

"ఎక్కనివ్వకపోతే?"

"కింద బకెట్లు కడగడానికి ఉంచుతాడు. అక్కడ ఖాళీ ఉంటే. లేకపోతే ఇంటికే."

"నలభై ఎనిమిదేళ్లొచ్చి ఇంటికి. ఇంకెవరు పిలుస్తారు నిన్ను పనికి?"

"ఎవరూ పిలవరు. అద్దాలు తుడవడం తప్ప ఇంకేం వచ్చు నాకు?"

"మరి ఇన్నాళ్లూ తొంభై ఆరుతో ఎలా ఎక్కావు?"

"ఎన్నిసార్లు చెప్పాలి? మా ఇద్దర్నీ కలిపి తూచేవాడు. నన్నూ, నీ తమ్ముణ్ణీ. సామాన్లు తూచే పెద్ద కాటా ఉందిగా, దాని మీద ఇద్దరం భుజం భుజం ఆనించుకుని నిలబడతాం. నూట అరవై దాటకపోతే ఎక్కండంటాడు. ఉయ్యాలకి మొత్తం బరువు కావాలి గానీ, అందులో ఎవడెంతో దానికెందుకు?"

"ఇరవై అంతస్తుల మీద తాళ్లకి వేలాడే ఇనప తొట్టికి ఉయ్యాలని పేరు పెట్టినవాడెవడో గానీ."

"నీ తమ్ముడే."

"వాడికి అన్నీ వేళాకోళాలే. సరే, కలిపి తూచడం ఎందుకు మానేశాడు?"

"కొత్తగా సేఫ్టీ ఆఫీసరొచ్చాడు. మనిషికో బెల్టు, బెల్టుకో లెక్క అంటాడు. ఆయన ఉయ్యాల ఎక్కింది ఒక్కసారి, ఫొటోకి. అదీ నేల మీద ఉండగా."

"ఆయన్ని తర్వాత తిడుదువు గానీ, ఇటు చూడు. పొద్దున్న: రెండు గుడ్లు, చక్కెర లేని టీ. రాత్రి: ఉడికిన కూర, ఒక రొట్టె. ఇవన్నీ నేను పెట్టినవే. నా చేత్తో కొలిచి పెట్టా. ఇందులో బరువెక్కేది ఏమీ లేదు. ఇప్పుడు మధ్యాహ్నం చూడు."

"ఏముంది మధ్యాహ్నం?"

"డబ్బా ఒకటి. డబ్బా ఒకటి. పది రోజులు ఇదే రాశావు. పదకొండో రోజు, డబ్బా ఒకటింపావు. ఆ పావు ఎక్కడిది?"

"ఏ పావు?"

"ఇదిగో, వేలు పెట్టి చూపిస్తున్నా."

"చెయ్యి జారుంటుంది."

"చెయ్యి జారితే గీత పడుతుంది. పావు పడుతుందా? పన్నెండో రోజూ జారిందా? నెలాఖరుదాకా జారుతూనే ఉందా? ఇదిగో రెండో నెల. ఒకటిన్నర. ఈ నెల మొదట్లో ఒకటి ముప్పావు. పోయిన సోమవారం నుంచి రెండు. రెండు, రెండు, రెండు. ఈ రెండేంటి?"

"అసలు రాయకపోతే పోయేది."

"మానెయ్యాల్సింది. లేదా ఒకటనే రాసుకోవాల్సింది. ఎవరు చూడొచ్చారు?"

"నిజం రాస్తే రాయి, లేకపోతే పుస్తకం తిరిగిచ్చెయ్యంది నర్సమ్మ. అబద్ధం నోటితో అయితే వస్తుంది నాకు, చేత్తో రాదు. అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఒక్క ముక్క రాయాలంటేనే చెమట పడుతుంది. దాంతో అబద్ధం కూడా రాయమంటే ఎక్కడ రాస్తాను?"

"అయితే ఇది నిజమే."

"ఆ."

"రెండు డబ్బాలు తిన్నావు."

"టైమెంతయింది?"

"టైముంది. రెండోది ఎవరు పెడుతున్నారు? క్యాంటీన్లో ఆవిడా?"

"బాగుంది. ఈ పొట్ట చూసి నన్ను పిలిచి పెట్టేదెవరే?"

"పొట్ట చూసి జాలిపడేవాళ్లుంటారు. ఇరవై ఏళ్లు నేను పెట్టలేదా?"

"నువ్వు పెట్టావు కాబట్టే వచ్చింది. పద్దెనిమిదో అంతస్తులో ఒకాయన ఉంటాడు, కదిలే పట్టా మీద పరిగెడుతుంటాడు. గంటసేపు పరిగెత్తినా గది దాటడు. బరువు తగ్గడానికట. అద్దం ఇవతల నేను, అవతల ఆయన. నన్ను చూసి వేగం పెంచుతాడు, నాలాగా అవుతానని భయం."

"మాట తప్పించకు."

"తప్పించట్లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు నేను. నీళ్లు మానేస్తే కేజీ దిగుతుందన్నారు. నోరు పిడచగట్టుకుపోయింది. నీకు తెలుసా ఆ సంగతి?"

"ఒక్క కేజీ దిగితే మిగతా అయిదూ ఎవడు దింపుతాడు? రెండు డబ్బాలు తినేటప్పుడు తెలియలేదా? ఆగు. ఆగాగు. నేను రోజూ కట్టేవి రెండే డబ్బాలు."

"పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, చూడు."

"మరగనీ. ఎర్రమూతది నీది. గుప్పెడు అన్నం, దోసకాయ ముక్కలు, ఉడికిన చిక్కుళ్లు. నీలంమూతది తమ్ముడిది. అందులో నిండా అన్నం, కూర, చేప ముక్క. సాయంత్రం రెండూ ఖాళీగా వస్తాయి, నాలిక పెట్టి నాకినట్టు. వాడి డబ్బా తింటున్నావా?"

"మెల్లగా మాట్లాడు. పైగదిలో ఉన్నాడు, వినబడుతుంది."

"వాడి డబ్బానా? నిన్నే అడిగేది."

"అవును. వాడిదే."

"సిగ్గులేదూ నీకు? మా అమ్మ పోయేటప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. నాకు పదిహేను. నా పళ్లెంలోది తీసి వాడికి పెట్టాను. అలా పెంచితే ఏనుగు పిల్లలా అయ్యాడు, వీధంతా బండోడు, బండోడని పిలిచేది. వాడి నోటికాడి కూడు లాక్కుంటావా? అక్కడ నీ ఎదురుగా, ఆకాశంలో, ఎక్కడికి పోగలడు వాడు? ఇయ్యరా అంటే ఇచ్చేస్తాడు."

"తిట్టు."

"తిడతా. నువ్వొక్కడివే చప్పిడి కూడు తినడానికి మొహమాటపడతావని నేనూ అదే తిన్నా మూణ్ణెల్లు. నూనె మానేశా. చక్కెర మానేశా. నేను నాలుగు కేజీలు తగ్గా. నాకెవరూ ఏ పుస్తకమూ ఇవ్వలేదు. నువ్వు వాడిది మింగి, సాయంత్రం ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఇక్కడ ఈ బల్ల దగ్గర కూర్చుని బుద్ధిగా రాసుకున్నావు, డబ్బాలు రెండని."

"ఇంకా తిట్టు. తిట్టడమే గానీ అడగవు నువ్వు."

"ఏమడగాలి?"

"ఏంలేదు."

"ఏమడగాలి, చెప్పు."

"ఏంలేదన్నానుగా. వాడు దిగుతున్నాడు. పుస్తకం లోపల పెట్టు."

"పెట్టను. రానీ."

"పెట్టవే, నీకు దండం పెడతాను."

"అక్కా, డబ్బాలయ్యాయా? బావా, ఇంకా ఒక బూటేనా? ఇవాళ రెండో బూటు బరువు కూడా చూసుకుంటున్నావా ఏంటి?"

"కూర్చోరా బండోడా. నిన్నొకటి అడగాలి."

"దార్లో అడుగుదువు గానీ."

"నీతో నేనెక్కడికొస్తానురా దార్లోకి? కూర్చో. నీ డబ్బా మీ బావ తింటున్నాడటగా?"

"ఎవరు చెప్పారు?"

"ఆయనే రాశాడు."

"రాశావా బావా? పుస్తకంలోనా? నీకు మతి ఉందా? ఆ, తింటాడక్కా. లాక్కుంటాడు. రాక్షసుడు. నేను చెయ్యి కడుక్కొచ్చేలోపే సగం అయిపోతుంది."

"విన్నావుగా, లాక్కుంటాను. ఇంక పోదాం పదరా."

"ఉండు. ఆయన నీది తింటే, నువ్వేం తింటున్నావు?"

"కింద బండి దగ్గర ఏదో ఒకటి."

"ఏదో అంటే?"

"ఏదో... బన్నో, ఏదో."

"బన్నా?"

"బన్నే అనుకో."

"అనుకోవడమేంట్రా? తిన్నది బన్నో కాదో తెలియదా? ఇరవయ్యో అంతస్తు నుంచి కిందకి దిగి, బండి దగ్గర తిని, మళ్లీ పైకెక్కుతావా? మధ్యాహ్నం అరగంటే గదరా మీకు."

"పరిగెత్తుతా."

"ఏమయ్యా, దిగుతాడా వీడు?"

"నన్నడక్కు."

"నిన్ను కాక ఎవర్ని అడగను? ఆ స్వెటరేంట్రా నీకు? ఫ్యాను కింద నిలబడితేనే నాకు చెమటలు కారుతున్నాయి."

"పైన గాలక్కా. వణికించేస్తుంది."

"ఇక్కడ లేదుగా గాలి. విప్పు."

"టైమైపోతోంది."

"విప్పరా."

"వాణ్ణొదిలెయ్యవే. కాటా దగ్గర ఆలస్యమైతే మేస్త్రి ఊరుకోడు."

"ఇందాకట్నుంచి ఇద్దరికీ ఒకటే తొందర. ఏమయ్యా, నిన్న పొద్దున్న మిమ్మల్ని ఆఖరిసారి కలిపి తూచారుగా. ఎంతొచ్చింది?"

"నూట అరవై లోపలే."

"లోపలంటే ఎంత?"

"నూట యాభై ఎనిమిది."

"నిన్న నర్సమ్మ దగ్గర నీ ఒక్కడి బరువు?"

"తొంభై ఆరని నువ్వే అన్నావుగా ఇందాక."

"నూట యాభై ఎనిమిదిలోంచి అది తీసెయ్."

"దేనికిప్పుడు?"

"అయిదో తరగతికి తీసివేతలు వచ్చుంటాయిగా. తీసెయ్."

"అరవై రెండు."

"మళ్లీ చెయ్."

"ఎన్నిసార్లు చేసినా అరవై రెండే."

"నా స్వెటరూ బూట్లూ కలిపి అక్కా అది. ఉత్తి మనిషినైతే ఇంకా చవగ్గా వస్తాను."

"నవ్వించకురా. మూణ్ణెల్ల కిందట ఎంత? పుస్తకం మొదలెట్టిన రోజు. ఏమయ్యా?"

"ఇద్దరికీ నూట యాభై తొమ్మిది. నేను తొంభై."

"అరవై తొమ్మిది. ఏడు కేజీలు. ఏడు కేజీలు ఎటుపోయాయిరా నీవి?"

"ఎటుపోతాయి? ఆరు బావ దగ్గరే ఉన్నాయి. ఒక్కటే దొరకట్లేదు."

"వేళాకోళం ఆపరా ఇంక. నా వల్ల కాదు, మీ అక్కకి చెప్పెయ్."

"బావా, నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చాను. నోటితో ఇచ్చాను. చేత్తో ఎలాగూ రాసి చచ్చాను. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"ఏంట్రా? నావైపు చూడు. ఏంటది?"

"పెద్దదేం కాదక్కా. ముద్ద దిగట్లేదు, అంతే."

"దిగట్లేదంటే?"

"నములుతాను. మింగుతాను. ఇదిగో, ఇక్కడిదాకా వస్తుంది. ఈ ఎముక దగ్గర ఆగిపోతుంది. కాసేపు నిలబడితే దిగేది ముందర. ఇప్పుడు దిగట్లేదు. వెనక్కొచ్చేస్తుంది."

"ఏది తిన్నా అంతేనా?"

"మొదట అన్నమే. కూర మెత్తగా చేసుకుంటే పోయేది. తర్వాత అదీ దిగడం మానేసింది. ఇప్పుడు పాలు. నిన్నట్నుంచి నీళ్లు కూడా ఒక్కో గుక్కే."

"రాత్రిళ్లు పళ్లెం పైకి పట్టుకుపోతావే. నా ఎదురుగా తినడం మానేసి ఎన్నాళ్లయింది? పాట వింటూ తింటానన్నావు, నమ్మాను. పొద్దున్నే కడిగి పెట్టేవాడివి. మా తమ్ముడికి ఎంత బుద్ధొచ్చిందో అనుకున్నాను. ఆ తిండంతా ఏమైంది?"

"మన వీధిలో ఆ గోధుమరంగు కుక్కని చూడలేదా? నా తిండి తిని ఇద్దరు బలిశారక్కా. అదీ, బావా."

"డాక్టరు దగ్గరికి పోవాలని తోచలేదా?"

"పోతే ఏమవుతుంది? కాగితం రాసిస్తాడు, వీడికి బాలేదు, పైకి ఎక్కించకండని. నేను దిగిపోతే బావకి జోడీ ఎవరు? ఆ మనుషుల్లో డెబ్భైకి తక్కువ ఎవడున్నాడు చెప్పు. ఎవణ్ణి పక్కన నిలబెట్టినా నూట అరవై దాటుతుంది. నేను ఇలా ఉండబట్టే బావ ఇంకా పైన ఉన్నాడు."

"అదా నువ్వు చేసింది?"

"చేసిందేముంది? దానంతటదే తగ్గుతోంది, తగ్గనిచ్చాను."

"ఇదంతా నీకు తెలుసా ఏమయ్యా?"

"కొంత తెలుసు."

"ఎంత?"

"పదకొండో రోజు వాడు, కడుపు నిండింది బావా, ఈ కాస్త నువ్వు కానియ్ అన్నాడు. సంతోషంగా తిన్నా. దోసకాయ ముక్కలు తిని తిని ఉన్నానేమో, చేప ముక్క కనబడితే ప్రాణం లేచొచ్చింది. ఎందుకొద్దంటున్నావురా అని అడగాలనే తోచలేదు. నెల తర్వాత సగం వదిలాడు. అప్పుడడిగాను. గొంతు పట్టేసింది, అక్కకి చెప్పకు, కంగారుపడుతుంది, వారంలో పోతుందన్నాడు. వారం పోయింది, అది పోలేదు. మిగిలింది ఇంటికి తెస్తే నీకు తెలిసిపోతుందని, పావురాలకి వేసెయ్యమన్నాడు. నువ్వు తెల్లారుజామునే లేచి వండింది పావురాలకి వెయ్యడం నా వల్ల కాలేదు. తిన్నాను."

"ఆకలేసి కాదంటావు."

"ఆకలేసీ తిన్నాను. అదీ నిజమే. అయినా అసలు సంగతి అది కాదే. రోజూ పొద్దున్నే కాటా ఎక్కేవాళ్లమా. నా బరువు ఎక్కుతోందని తెలుసు, వాడిది దిగుతోందని తెలుసు. అంకె చూసేవాణ్ణి. నూట యాభై తొమ్మిది. నూట యాభై ఎనిమిది. హమ్మయ్య, సరిపోయిందనుకునేవాణ్ణి. మూణ్ణెల్లూ హమ్మయ్యే. పక్కన భుజం ఆనితే ఎముక గుచ్చుకునేది. అయినా హమ్మయ్యే."

"బావనేం అనకక్కా. నేనే చెప్పొద్దన్నా."

"నువ్వు నోరు మూసుకో. నువ్వు చెప్పొద్దన్నావు, ఆయన చెప్పలేదు. నేను మాత్రం ఏం చూశాను? డబ్బాలు ఖాళీగా వచ్చాయా లేదా చూశాను. డబ్బాలు చూశాను గానీ నీ మొహం చూడలేదు. స్వెటరిప్పు."

"అక్కా."

"తిట్టనులే. ఇప్పు."

"ఇదిగో, ఇప్పేశాను."

"భగవంతుడా."

"చూశావుగా. తొడుక్కోనా ఇంక?"

"ఏమయ్యా, మేస్త్రికి ఫోన్ చెయ్. ఇద్దరూ రావట్లేదని చెప్పు."

"ఇవాళ రాకపోతే రేపు అసలు రావొద్దంటాడు."

"అననీ."

"ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే."

"ఉయ్యాల ఎవడితోనన్నా ఊగుతుంది. వీణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇప్పుడే. ముందు నువ్వా నీళ్లు తాగు. తాగు, కళ్లు తిరిగి దార్లో నువ్వూ పడితే ఇద్దర్నీ మొయ్యలేను."

"తాగుతానులే."

"తాగు బావా. నా వంతు కూడా తాగు."

"ఒరేయ్, ఇంక ఆపరా."

"అక్కా, ఒక్క మాట. పోయిన వారం ఒక డాక్టరు దగ్గరికి పోయాను, ఎవరికీ చెప్పకుండా."

"పోయావా? ఏమన్నాడు?"

"పెద్దాసుపత్రికి వెళ్లు, గొంతులో గొట్టం వేసి చూడాలన్నాడు. అంతకుముందే ప్రశ్నలు. ఎప్పటినుంచి? మొదట ఏ తేదీన? అన్నం దిగడం ఎప్పుడు మానేసింది, మెత్తనిది దిగడం ఎప్పుడు మానేసింది, ఎన్ని రోజుల్లో ఎంత తగ్గింది? అది తెలిస్తేగానీ ఇది ఎంత జోరుగా వస్తోందో చెప్పలేనన్నాడు. నాకేం గుర్తుంటాయి? ఏమో అన్నాను. అక్కడున్న నర్సు విసుక్కుంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో అడిగినా అదే చెప్పాలి, ఏమోనని."

"అక్కర్లేదు. రాసి ఉన్నాయి."

"ఏవి?"

"తేదీలు. నువ్వు వదిలిన మొదటి పావు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, పోయిన సోమవారం నుంచి మొత్తం. రోజు తప్పకుండా ఉంది. ఏమయ్యా, పెన్నేది?"

"ఇదిగో, నా జేబులోనే ఉంది. ఎందుకు?"

"చేత్తో అబద్ధం రాయలేనన్నావుగా. ఈ పుస్తకంలో ఒక్కటే ఉంది అబద్ధం. అట్ట మీద. నీ పేరు కొట్టేసి, తమ్ముడి పేరు రాయి."